జాజు కలిపిన పౌడరు

మొన్న మనవరాలి వెంట గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. వెంట అంటే, దాని సంచీ పట్టుకుని నిలబడడానికి. కొత్తగా ఉద్యోగంలో చేరబోతోంది కనుక రోజూ ముఖానికి రాసుకునేది ఒకటి కావాలట. మా కాలంలో స్నో, పౌడరు అని రెండే మాటలుండేవి. ఇప్పుడు ఆ గోడ పొడవునా సీసాలు, వాటిలో మీగడ రంగు మొదలుకొని పల్లీ పొట్టు, చింతపండు, వేయించిన కాఫీగింజ దాకా అన్ని రంగులూ వరసగా నిలబడి ఉన్నాయి. మా మనవరాలిది మావాళ్ల రంగే, చామనచాయ, ఎండాకాలంలో ఇంకాస్త చిక్కబడే రకం. అమ్మే అమ్మాయి దాని చేయి తిప్పి మణికట్టు లోపల మూడు గీతలు గీసి, తలుపు దగ్గరి ఎండలోకి తీసుకుపోయి కాసేపు ఆగమంది. ఒక గీత పిండి రాలినట్టు తేలిపోయింది. ఒకటి మసిలా మిగిలింది. మూడోది ఎక్కడ గీసిందో వెతుక్కోవలసి వచ్చింది. "కనబడకుంట పోయింది సూడు, గదే నీ షేడు" అంది ఆ అమ్మాయి. నాకు మాత్రం దుకాణంలోని చల్లగాలి ఎటో పోయి, ముక్కుకు బొగ్గు కుంపటి వాసన తగిలింది. ఆ మాట నేను యాభై ఏళ్ల కిందట ఇక్కడికి దగ్గర్లోనే ఒక వాకిట్లో విన్నాను.

అవి డెబ్బైల మొదటి సంవత్సరాలు. మా ఊళ్లో బడి అయిదో తరగతితో ఆగిపోతే నన్ను చదువు కోసం గోదావరిఖనిలో మా మేనమామ క్వార్టర్‌లో పెట్టారు. రెండు గదులు, వెనక చిన్న వాకిలి, వాకిలి మూలన పొయ్యిలోకి కంపెనీ ఇచ్చే బొగ్గు కుప్ప. ఇంట్లో మామ, మామ తల్లి అయిన మా అమ్మమ్మ, నేను. గనిని మా దగ్గర ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయిలో దిగేవాళ్ల ఇళ్లలో వంటలూ నిద్రలూ మాటలూ అన్నీ షిఫ్టు సైరన్ వెనకే నడుస్తాయి. మామ పని బొగ్గు తవ్వడం కాదు. లోపల బొగ్గు ధూళికి నిప్పంటుకోకుండా గోడలకూ కప్పుకూ తెల్లటి రాతిపొడి చల్లుతారు, స్టోన్ డస్ట్ అంటారు దాన్ని. అది చల్లే జట్టులో మామ ఒకడు. అందరూ బాయి నుంచి నల్లగా వస్తే మామ నలుపు మీద తెలుపుతో, ముగ్గు వేసిన వాకిలిలా వచ్చేవాడు. ఎంత తోముకున్నా కంటి రెప్పల అంచున బొగ్గు గీత మాత్రం పోయేది కాదు. మామకు కాటుక కంపెనీయే పెట్టి పంపుతుందని తర్వాత్తర్వాత అత్త అనేది.

నేను వెళ్లిన ఏడాదే మామకు పెళ్లయి అత్త కాపురానికి వచ్చింది. ఆమెది మంథని వైపు పల్లె. కళగల ముఖం, పెద్ద కళ్లు, మా అందరిలాగే చామనచాయ. పెళ్లిరోజున ఎవరో పుణ్యాత్మురాలు ఆమె ముఖానికి దిట్టంగా పౌడరు కొట్టింది. పెళ్లికూతురంటే తెల్లగా కనబడాలి కదా, అందులో ఎవరి తప్పూ లేదు. అత్త కూడా ముఖమంటే అట్లాగే ఉండాలనుకుని, క్వార్టర్‌కు వచ్చాక రోజూ డబ్బా మూత తిప్పి అదే పని చేసేది. ఒకనాడు మామ డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మంలో ఆమెను చూసి ఆగిపోయాడు. "నేను బాయిల చల్లొస్తుంటే నువ్వు ఇంట్ల చల్లుకున్నవా" అన్నాడు. మామకు ఎకసెక్కమే తప్ప మనసులో ఏమీ ఉండదు. అమ్మమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. అత్త నవ్వలేదు. ఆ పూట మామ కంచం పక్కన మంచినీళ్ల గ్లాసు కొంచెం గట్టిగానే దిగింది. మామ తిని పడుకున్నాక ఆమె అద్దంలో చాలాసేపు చూసుకుని, "నిజమేనే పిల్లా, మెడ ఒకలది, మొఖం ఒకలది లెక్కుంది" అంది. ఇంకొకరైతే ఆ దెబ్బతో పౌడరే మానేసేవారు. అత్త మానలేదు. తన రంగు పౌడరు ఎక్కడో ఉండే ఉంటుందని, వెతకడమే తరువాయి అని నిశ్చయించుకుంది.

ఆ వెతుకులాటలో భాగంగానే నన్ను వెంటబెట్టుకుని చౌరస్తాలోని ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లింది. దుకాణదారు పెద్దమనిషి, ఓపికమంతుడు. తెల్లది చూపించాడు, గులాబీది చూపించాడు, ఇంకా తెల్లగా చేసేది లోపలి అరలోంచి తీసి పెట్టాడు. అత్త అన్నిటినీ వాసన చూసి పక్కన పెట్టి, తన చేతిని తీసి అద్దాల బల్ల మీద పరిచింది. "ఈ రంగుది లేదా అన్నా?" అని అడిగింది. ఆయన చేతిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, నిజంగానే జాలిపడ్డాడు. "నీ రంగు నీకుండంగ మళ్ల కొనుడెందుకు చెల్లె?" అన్నాడు. చివరికి ఒక చిన్న సీసా తిలకం మాత్రం కొన్నాం, ఎరుపు కాదు, పండిన నేరేడు తొక్క రంగుది. దారిలో ఆ మాట తలుచుకుని అత్త ఎంత నవ్విందంటే, బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఇద్దరం నిలబడిపోయాం. నవ్వింది గానీ, ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. రాత్రి రొట్టెలు చేస్తూ కూడా చేతిని కుంపటి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకునేది.

దొరకడం మాత్రం నా అజాగ్రత్త వల్ల దొరికింది. ఆ శుక్రవారం అత్త గడపకు జాజు పూస్తోంది. గోడలకూ అరుగులకూ గడపలకూ పూసే ఎర్రమట్టి అది, మా దగ్గర జాజు లేని ఇల్లుండదు. నేను దువ్వెన కోసం గూట్లో చేయి పెట్టి పౌడరు డబ్బా కింద పడేశాను. తెల్లగా నేలంతా పరుచుకుంది. అత్త ఆ జాజు చేతులతోనే వచ్చి, పోయినంత పోగా మిగిలింది ఎత్తబోయింది. ఎత్తుతూ ఎత్తుతూ ఆగింది. మోచేతి కింద జాజు ఎండిన చోట పౌడరు పడి, రెండూ కలిసి ఒక మరక అయ్యాయి. దాన్ని వేలితో రుద్దింది, వాకిట్లోకి వెళ్లి ఎండలో చూసింది, నన్ను పిలిచింది. "ఇటు రా. నా చెయ్యి మీద ఏమన్న పూసినట్టు కనబడుతుందా?" అని అడిగింది. ఎంత చూసినా నాకేమీ కనబడలేదు, చేయి మాత్రం నిద్ర లేచి స్నానం చేసిన ముఖంలా కళకళలాడుతోంది. "కనబడకపోతే గది మన రంగే" అంది అత్త.

ఇక ఆ వారమంతా ఇంట్లో అదే పండగ. జాజును నానబెట్టి, బరకంతా అడుక్కు దిగాక పైనున్న ఎర్రనీళ్లను మెల్లగా వంచి, దాన్ని పళ్లెంలో ఆరబెట్టి, పాత మల్లు పంచె ముక్కలో జల్లించింది. మునివేళ్ల మధ్య ఉందో లేదో తెలియనంత మెత్తగా వచ్చింది. దాన్ని కొంచెం కొంచెంగా పౌడరులో కలుపుతూ, ప్రతిసారీ మణికట్టుకు రాసుకుని ఎండలో చూస్తూ, చివరకు చిటికెడు పసుపు వేసింది. డబ్బాలో అప్పుడే పొలం దున్నినట్టు ఒక రంగు తయారైంది. లైన్‌లో, అంటే మా క్వార్టర్ల వరసలో, ఆడవాళ్లు ఊరుకుంటారా, గోడకు పూసేది ముఖానికి పూసుకుంటదట అని నల్లా దగ్గర మూతులు తిప్పారు. తరువాత ఒక్కొక్కరే ఖాళీ డబ్బాలు కొంగు కింద పెట్టుకుని వెనక వాకిలి నుంచి రావడం మొదలుపెట్టారు. ఒకరికి పసుపు ఎక్కువ కావాలి, ఇంకొకరికి జాజు ఎక్కువ కావాలి. అత్త ఎవరినీ కాదనలేదు. ఎగతాళి చేసినవాళ్ల డబ్బా మాత్రం కొంచెం ఆలస్యంగా ఇచ్చేది.

అయితే ఆ ఇంట్లో ముస్తాబుకు ఒక అడ్డుండేది. మామ డ్యూటీకి గడప దాటగానే అమ్మమ్మ లేచి గోడకున్న అద్దాన్ని వెనక్కి తిప్పేసేది. అద్దం ముఖం గోడకు, అట్ట ముఖం మాకు. మళ్లీ మామ ఇంటికొచ్చి చెప్పులు విడిచాకే దాన్ని ఇటు తిప్పేది. మనిషి బాయిలో ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ అద్దం చూడకూడదు, ఇది అమ్మమ్మ పెట్టిన కట్టు. దీని వెనక సంగతి మా అమ్మ నాకెప్పుడో గొంతు తగ్గించి చెప్పింది. మా తాత బెల్లంపల్లి వైపు ఒక బాయిలో పనిచేసేవాడు. ఒకరోజు అమ్మమ్మ అద్దం ముందు కూర్చుని బొట్టు దిద్దుకుంటుంటే వాకిట్లోకి మనుషులు వచ్చి నిలబడ్డారు. వేలి మీది కుంకుమ నుదుటికి చేరకముందే వార్త చేరింది. ఆ తర్వాత అమ్మమ్మ ఇంకెప్పుడూ అద్దం చూసుకోలేదు. కోడలి మీద ఆమెకు కోపమేమీ లేదు, బజారుకు పోతే కనకాంబరాలు తానే కొనుక్కొచ్చేది. కొడుకు కింద ఉన్నప్పుడు అద్దం ఇటు తిరిగితే మాత్రం ఆమె చేతులు వణికేవి.

అత్తకేమో మామ వచ్చేసరికి తయారై ఉండాలని కోరిక. "పొద్దంత చీకట్ల ఉండి వస్తడు. కండ్లకు ఏదన్న మంచిగ కనబడాలె గద" అనేది. అత్తగారిని ఎదిరించే మనిషి కాదు, ముస్తాబు మానుకునే మనిషీ కాదు. కనుక నన్ను అద్దం చేసింది. మాది పొద్దటి బడి, మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉండేదాన్ని. మామది పొద్దటి షిఫ్టు అయిన వారాల్లో, అన్నాలు తిన్నాక, నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి ఎదురుగా తాను కూర్చునేది. అద్దం మాట్లాడకూడదు కాబట్టి నాకు మూడే మాటలిచ్చింది: ఎక్కువ, తక్కువ, అయ్యింది. ఇప్పటికీ ఆ మధ్యాహ్నాలు నాకు కలలోలాగే గుర్తుకొస్తాయి. కిటికీ చువ్వల్లోంచి ఎండ ఏటవాలుగా పడేది, అందులో బొగ్గు నలుసులు మెరుస్తూ మెల్లగా తిరిగేవి. ఊరంతా షిఫ్టు మధ్య నిద్రలో ఉండేది. అత్త సున్నిపిండితో కడుక్కున్న ముఖానికి ముందు ఒక్క చుక్క కొబ్బరినూనె అరచేతుల్లో వేడిచేసి అద్దుకునేది, లేకపోతే ఆ ధూళికి చర్మం తెల్లబారిపోతుందట. తరువాత మెత్తటి గుడ్డతో తన పౌడరు. పూసినట్టు ఉండదు, ముఖంలో ఎవరో దీపం వత్తి కొంచెం ఎగదోసినట్టు ఉంటుంది. ఆముదం దీపం మసితో ఇంట్లోనే పట్టిన కాటుక ఉంగరం వేలితో, పై రెప్పకు సన్నగా, కింది రెప్పకు ఇంకా సన్నగా. నేరేడు రంగు తిలకం. కాచు వేసిన తమలపాకు నమిలితే పెదవులకు వచ్చే రంగు చాలు, అంతకుమించి వద్దు. చివరన జడలో కనకాంబరాలు. మల్లెలు మెడ మీద మరీ తెల్లగా అరుస్తాయని, కనకాంబరమైతే మన రంగుతో మాట్లాడినట్టుంటుందని అత్త అభిప్రాయం. నేను "అయ్యింది" అనగానే ఆమె ముఖంలో ఒక తృప్తి కనబడేది. మామ కోసమే అయితే అంత తృప్తి మామ రాకముందే ఎందుకు వస్తుంది? అత్తకు ఆ పని అంటేనే ఇష్టమని, అందులో ఆమె ఒక్కతే యజమానురాలని నాకు చాలా కాలానికి తెలిసింది.

అమ్మమ్మ పక్కగదిలో చాప మీద కళ్లు మూసుకుని ఇదంతా వినేది. మా ఆట ఆమెకు తెలియకపోలేదు. అద్దం గోడకే ఉంది కాబట్టి కట్టు తప్పలేదు, అంతవరకు ఆమె ఒప్పుకుంది. మామ రాత్రి షిఫ్టు వారాల్లో పగలంతా అద్దం ఇటే ఉండేది గానీ, పక్కనే మామ నిద్రపోతుంటే అత్త గాజులన్నీ మోచేతి దాకా ఎగదోసుకుని, ఒక్క చప్పుడు లేకుండా తయారయ్యేది. అద్దం ఉన్నా ఒకసారి నా వైపు తిరిగి చూసేది. నేను తలూపేదాన్ని.

ఆ రోజు పొద్దటి షిఫ్టు వారమే. అత్త ముఖం కడుక్కుని నా ఎదురుగా కూర్చోబోతుండగా సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదది. వేళ కాని వేళ మోగితే ఏమిటో ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. తలుపులు తెరుచుకున్నాయి, ఎవరో పరుగెడుతూ మామ దిగిన బాయిలోనే కప్పు కూలిందని, లోపల కొందరు ఉండిపోయారని చెప్పారు. అత్త లేచి నిలబడింది, ముఖమంతా నీళ్లు, అవి కడుక్కున్న నీళ్లా కన్నీళ్లా చెప్పలేను. అమ్మమ్మ పక్కగది గుమ్మంలో తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. వీధిలో ఆడవాళ్లందరూ జుట్లు విరబోసుకుని, తడి చేతులతో, ఉన్నవాళ్లు ఉన్నట్టే పరుగెడుతున్నారు. అత్త గడప దాకా వెళ్లి, వెనక్కి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ నా ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీసింది. నాకేమీ అర్థం కాక ఏడవడం మొదలుపెట్టాను. ఆమె గుడ్డ ముంచబోతే పౌడరు ఒడిలో రాలింది. "చెప్పు, ఎక్కువైందా?" అంది. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. "అద్దమే ఏడుస్తే నేనేంట్ల చూసుకోవాలె" అంది మెల్లగా. అమ్మమ్మ అప్పుడు నోరు విప్పింది. ఇదేం పని బిడ్డా అని అడిగింది, కోపంగా కాదు, భయంగా.

"ఏడ్చిన మొఖంతోని పోతే, ఆయన లేడని ముందుగాల నేనే చెప్పినట్టయితది అత్తమ్మా" అంది అత్త. "రోజు ఎట్ల ఉంట గట్లనే పోత. వస్తడు. వచ్చి సూస్తడు."

బయట అరుపులు దూరమవుతున్నాయి. అమ్మమ్మ గోడ దగ్గరకు వెళ్లి, రెండు చేతులతో అద్దాన్ని పట్టుకుని ఇటు తిప్పింది. కొడుకు బాయిలో ఉన్నాడు, అద్దం మా వైపు ఉంది. నేను ఏడుపు ఆపి చూశాను. అమ్మమ్మ చట్రాన్ని వదల్లేదు, ఊగకుండా అట్లాగే పట్టుకుంది. "సూసుకో బిడ్డా. బొట్టు సక్కగ పెట్టుకో" అంది. అత్త వేలు సీసా నుంచి నుదుటికి వెళ్లింది, ఏళ్ల కిందట దారిలో ఆగిపోయిన ఇంకో వేలు గురించి ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ముగ్గురం బాయి నోటి దగ్గరికి వెళ్లాం. తాత పోయాక అమ్మమ్మ ఏ బాయి దగ్గరికీ పోలేదని నాకు తెలుసు, ఆ రోజు అందరికంటే ముందు నడిచింది. అక్కడ చేరినవాళ్లలో ఒకామె అత్త ముఖం చూసి, మొగుడు లోపల ఉంటే సోకులేందని పక్కామెతో అంది. అది మాకు వినబడింది. అమ్మమ్మ కోడలి చేయి పట్టుకుని అందరికీ కనబడే చోట నిలబెట్టింది. ఎండ దిగేదాకా అట్లాగే నిలబడ్డాం. ఒక జట్టు వచ్చింది, మామ లేడు. ఇంకో జట్టు వచ్చింది, మామ లేడు. అత్త కనుకొలకుల్లో నీళ్లు నిండినప్పుడల్లా తల కొంచెం వెనక్కి వంచేది, కాటుక చెదరకుండా. చివర్లో నలుగురైదుగురు ఒకరినొకరు పట్టుకుని వచ్చారు, ఎవరు ఎవరో తెలియనంత నల్లగా. అందులో కుంటుతున్న ఒకాయన వెలుగుకు కళ్లు చికిలించుకుని, ఆ జనమంతా దాటి, తిన్నగా అత్త ముందుకు వచ్చి ఆగాడు. ఆమెను కిందికీ పైకీ చూశాడు. "ఏంది, పెండ్లికచ్చినవా?" అన్నాడు. అని, అక్కడే బొగ్గు మీద చతికిలబడి ఏడ్చాడు. నేను మామ ఏడవగా చూసింది అప్పుడే. బుగ్గల మీది నలుపులో కన్నీళ్లు రెండు దారులు చేశాయి. ఆ దారుల్లో బయటపడ్డ రంగును నేను వెంటనే గుర్తుపట్టాను. అది అత్త డబ్బాలోని రంగే.

ఆ రోజు అందరూ వచ్చారు. అన్ని రోజులూ అట్లా ఉండవని ఆ ఊరికి తెలుసు, అందుకే ఎవరూ గట్టిగా సంతోషపడలేదు. మామ మళ్లీ డ్యూటీ ఎక్కిన పొద్దున నేనూ అత్తా గోడ వైపు చూస్తూ కూర్చున్నాం. అమ్మమ్మ అద్దం దగ్గరకు వెళ్లింది, కొంగుతో దాని మీది ధూళి తుడిచింది, తిప్పకుండానే తన పని చూసుకుంది. మళ్లీ ఎన్నడూ తిప్పలేదు. కొన్ని నెలల తరువాత ఒక మధ్యాహ్నం, అత్త కొత్త పౌడరు కలుపుతుంటే అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చుని, ఎటో చూస్తూ చేయి చాపింది. అత్త గుడ్డను పౌడరులో అద్దింది. ఆ ముడతల మణికట్టు మీద కొంచెం రాసి, ఎండ వైపు తిప్పింది. అమ్మమ్మ చాలాసేపు చూసుకుని, కనబడతలేదు గద అంది. ఆమె గొంతులో అంత గారాబం నేనెప్పుడూ వినలేదు.

నాకు చేయాల్సిన అద్దం పని మాత్రం అప్పటితో తగ్గిపోయింది. అద్దం ఉన్న ఇంట్లో పిల్లతో ఏం పని? చదువై, పెళ్లై, నేనూ ఈ ఊళ్లోనే స్థిరపడ్డాను. అమ్మమ్మ పోయింది, మామ పోయాడు, అత్త కూడా పోయి కొన్నేళ్లవుతోంది. ఆ లైన్ క్వార్టర్లు ఇప్పుడు లేవు. ఇవన్నీ తలుచుకుంటూ నేను దుకాణంలో ఎంతసేపు నిలబడిపోయానో, మనవరాలు భుజం తట్టింది. ముఖమంతా రాసుకుని వచ్చింది. ఆ దుకాణం నిండా అద్దాలే, గోడలకు అద్దాలు, బల్ల మీద అద్దాలు, దాని చేతి ఫోన్ కూడా అద్దమే. అన్నిటినీ వదిలేసి అది నా ఎదురుగా నిలబడి, చుబుకం కొంచెం పైకెత్తి, ఎక్కువైందా అమ్మమ్మా అని అడిగింది. నేను తలుపు దగ్గరి వెలుగులోకి దాన్ని తిప్పి, నుదురు చూశాను, మెడ చూశాను, రెండూ ఒక్కరివే.

"అయ్యింది" అన్నాను. కాలం ఆ ఇంటిని తీసుకుపోయింది, ఆ ఇంటి మనుషుల్ని తీసుకుపోయింది, కానీ ఈ అద్దాన్ని మాత్రం ఇంకా గోడ వైపు తిప్పలేదు.